గోల్కొండ రాజుగారి అల్లుడు: 'లా బయదేర్' చూసి వచ్చాక కొన్ని సందేహాలు

బాస్టీయ్_బాల్కనీ | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. ప్యారిస్‌లో ఉంటాను.

నిన్న రాత్రి బాస్టీయ్ ఒపేరాలో 'లా బయదేర్' చూశాను, మా అత్తగారితో కలిసి. ఆవిడ బందరు నుంచి వచ్చి మూడు వారాలైంది. ఈఫిల్ టవర్ చూపిస్తే "చాలా ఇనుము పట్టి ఉంటుంది" అన్నారు, అంతే. చిన్నప్పుడు ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకున్న మనిషి కదా, బాలే చూపిస్తే అయినా ముఖం వికసిస్తుందేమోనని నా ఆశ.

కథ నేను ముందే చదివి చెప్పాను. నికియా గుడిలో నాట్యం చేసే అమ్మాయి. సొలోర్ అనే వీరుడు ఆమెను ప్రేమిస్తాడు, పవిత్రాగ్ని సాక్షిగా మాట ఇస్తాడు, తరువాత రాజుగారి కూతురు గమ్జత్తిని చూసి మాట తప్పుతాడు. పూలబుట్టలో పాము పెట్టి నికియాను చంపిస్తారు. ఇంతవరకు ఆవిడ "ఊ" కొట్టారు. "ఆ రాజుది గోల్కొండ, అత్తయ్యా" అనగానే ఆగిపోయారు. "గోల్కొండకు రాజెవరు? నవాబులు కదా!" నా దగ్గర జవాబు లేదు.

మొదటి అంకంలో ఫకీర్లు నిప్పు చుట్టూ గెంతుతుంటే ఆవిడ చేతిసంచి సర్దుకోవడం మొదలుపెట్టారు. రెండో అంకంలో ఒకామె తలమీద కూజా పెట్టుకుని ఇద్దరు చిన్నపిల్లలతో నాట్యం చేసింది. అప్పుడు ఆవిడ పైకే నవ్వేశారు. "మన బిందె!" ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

తరువాత మూడో అంకం. చీకట్లో ఏటవాలు బాట. ఒక అమ్మాయి తెల్లటి బట్టల్లో వచ్చి ఒంటికాలి మీద ముందుకు వంగి, లేచి, రెండడుగులు వేసింది. ఆమె వెనుక ఇంకొకరు. తరువాత ఇంకొకరు. ముప్ఫై రెండు మంది. అత్తగారు కదలలేదు. ఇంటికి వచ్చేటప్పుడు మెట్రోలో అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "ఆ మొదట దిగిన పిల్ల పేరేమిటి?"

నికియా పేరు నాకు తెలుసు, సొలోర్ పేరు తెలుసు. ఆ పిల్ల పేరు ఎలా తెలుసుకోవాలి? ఇంకొక సంగతి, ఇంకా పది రోజులు ప్రదర్శనలు ఉన్నాయి. అదే నాటకాన్ని వేరే తారాగణంతో మళ్ళీ చూడాలని నాకు ఉంది. మా ఆయన నన్ను విచిత్రంగా చూస్తున్నారు.

---

మెట్ల_చివర | శనివారం, ఉదయం 11:05

స్వాగతం అండీ. మీ అత్తగారు అడిగింది బాలేను ముప్ఫై ఏళ్ళు చూసినవాళ్ళు అడిగే ప్రశ్న. ఆవిడ ఒక్క రాత్రిలో అక్కడికి చేరుకున్నారు.

నేను లండన్‌లో 1998 నుంచి పై అంతస్తులోని చౌక సీట్లలో, డబ్బు లేని రోజుల్లో నిలబడే చోట్లలో చూస్తున్నాను. మొదటి ఐదారేళ్ళు నాకు నాయికానాయకులే కనిపించేవారు. ఎవరు ఎన్ని చుట్లు తిరిగారో లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ పిచ్చి 'ఛాయల' అంకంతోనే వదిలింది, అంటే సొలోర్ కలలో తెల్లబట్టల అమ్మాయిలు దిగివచ్చే, మీరు చెప్పిన మూడో అంకంతో.

మొదట దిగే అమ్మాయి పరిస్థితి ఊహించండి. ఆమె చేసే అరబెస్క్‌లు (ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి చాచడం) అందరికంటే ఎక్కువ, ఎందుకంటే చివరి అమ్మాయి బాట దిగేదాకా ఆమె ఆగకూడదు. ఎదురుగా పట్టుకోవడానికి మనిషి లేడు, అనుసరించడానికి ముందు ఎవరూ లేరు. బాట ఏటవాలు. వెలుతురు అంతంతమాత్రం. ఆమె కాలు ఎంత ఎత్తుకు లేస్తే వెనుకవాళ్ళది అంతే లేవాలి, కనుక ఆ రాత్రి కొలత ఆమెదే. చీలమండ కొంచెం వణికినా వేలమందికి తెలుస్తుంది. నికియా తడబడితే మరుసటి నిమిషంలో సర్దుకోవచ్చు, ఈమెకు ఆ సౌకర్యం లేదు.

పేరు సంగతి: సంస్థ వెబ్‌సైటులో నర్తకులందరి ఫోటోలు ఉంటాయి, అన్నిటికంటే కింది శ్రేణి దాకా. ప్యారిస్‌లో ఐదు మెట్లు: కద్రీయ్, కొరిఫే, సుజే, ప్రెమియే దాన్సర్, అన్నిటికీ పైన ఎత్వాల్, అంటే నక్షత్రం. మీరు మొదటి రెండు శ్రేణుల్లో వెతకండి. ముక్కు, నుదురు, మెడ పొడవు గుర్తుపెట్టుకోండి, జుట్టును నమ్మకండి. అందరిదీ ఒకే ముడి.

మళ్ళీ వెళ్ళేటప్పుడు ఖరీదైన కింది సీటు కొనకండి. ఆ అంకాన్ని పైనుంచే చూడాలి.

---

పాతకాపు | శనివారం, మధ్యాహ్నం 1:30

అందరూ మురిసిపోతున్నారు కనుక ఒక చేదు మాట చెబుతాను.

గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలారు, 1687లో ఔరంగజేబు పట్టుకున్నాడు. అక్కడ హిందూ రాజా, ఆయన ఆస్థానంలో అగ్నిని కొలిచే బ్రాహ్మణుడు, ఆయన గుడి చుట్టూ గెంతే ఫకీర్లు! పులివేట, నల్లమందు, పాము, విగ్రహం, ఏనుగు... మన గురించి విన్న ప్రతి పుకారునూ ఒకే సంచిలో కుక్కారు. ఇది చూడటానికి డబ్బులు పెట్టి, పైగా రెండోసారి కూడానా? వాళ్ళ ఊళ్ళో వాళ్ళు మన దేవాలయాన్ని ఇలా చూపిస్తే మనం చప్పట్లు కొట్టడం నాకు మింగుడుపడదు.

---

తాళపు_చిప్ప | శనివారం, సాయంత్రం 4:48

పాతకాపు గారి కోపం న్యాయమే. నేను హైదరాబాద్‌లో పిల్లలకు కూచిపూడి నేర్పుతాను, నాకూ ఆ మొదటి అంకం చూస్తే నవ్వు, విసుగు రెండూ వస్తాయి. కాని ఈ పుకార్లు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే కథ కొంచెం మారుతుంది.

'బయదేర్' అనే మాట పోర్చుగీసు 'బైలదేయ్‌రా' నుంచి వచ్చింది, నాట్యం చేసే స్త్రీ అని అర్థం. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి ఐదుగురు దేవదాసీలు, ముగ్గురు వాద్యకారులు నిజంగానే ప్యారిస్‌కు వెళ్ళి ఆడారు. వాళ్ళలో అమ్మణి అనే ఆమెను చూసి తెయోఫిల్ గోతియే అనే రచయిత మైమరచి వ్యాసాలు రాశాడు. ఆమెది చిన్న కంచు బొమ్మ కూడా పోతపోశారు. 'జిసెల్' అనే ప్రసిద్ధ బాలే కథ రాసినవాళ్ళలో ఈ గోతియే ఒకడు. 1858లో ఆయన శకుంతల కథను ప్యారిస్ ఒపేరాకు బాలేగా రాశాడు. దానికి నాట్యం కూర్చింది లూసియన్ పెతిపా. ఆయన తమ్ముడు మారియుస్ పెతిపా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 'లా బయదేర్' తయారుచేశాడు.

ఇప్పుడు గోల్కొండ రాజుగారి పేరు చూడండి: దుగ్మంత. దుష్యంతుడు నాలుగు భాషలు దాటి వచ్చేసరికి అలా అయ్యాడని నా నమ్మకం. గమ్జత్తిని రష్యాలో హంసత్తి అని కూడా అంటారు, శాకుంతలంలో హంసపదిక ఉన్నది కదా. రాజు మాట ఇచ్చి మరిచిపోవడమూ అక్కడిదే. కాళిదాసు శాపం పెట్టి దుష్యంతుణ్ణి కాపాడాడు, పెతిపా నల్లమందు ఇచ్చి సొలోర్‌ను పడుకోబెట్టాడు.

ఇక గోల్కొండ అంటారా, ఐరోపావాళ్ళకు అది ఊరు కాదు, వజ్రాల గనికి మారుపేరు. రాజుగారు బాగా డబ్బున్నవాడని చెప్పడానికి ఆ పేరు చాలు.

---

హడ్సన్_ఒడ్డు | ఆదివారం, తెల్లవారుజాము 2:20

న్యూజెర్సీ నుంచి. బాస్టీయ్ గారూ, మీరు చూసినదానిలో గుడి కూలిందా? మాకు కూలుతుంది! అమెరికన్ బాలే థియేటర్ ఆడేది 1980లో నటాలియా మకరోవా కూర్చినది. సొలోర్ పెళ్ళి జరుగుతుండగా దేవతలకు కోపం వచ్చి గుడి అందరి నెత్తిన పడుతుంది. అసలు 1877 కథలో ఉన్న ముగింపు అదే, సోవియట్ కాలంలో తీసేశారు. మకరోవా తిరిగి పెట్టింది. మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో అట్ట రాళ్ళు పడుతుంటే నా పక్కన కూర్చున్న పెద్దాయన "హమ్మయ్య" అన్నాడు. మాట తప్పినవాడికి శిక్ష పడాలని ఏ దేశపు ప్రేక్షకుడైనా కోరుకుంటాడు.

మా దగ్గర ఛాయలు ఇరవై నాలుగే. ముప్ఫై రెండు చూసినవాళ్ళ మీద నాకు ఈర్ష్య.

రెండోసారి చూడటం గురించి: మా ఇంట్లో ఇది పాత తగాదా. ఒక వసంతంలో నేను ఒకే బాలేను వారంలో మూడుసార్లు చూశాను, ముగ్గురు వేరువేరు నికియాల కోసం. మా ఆవిడ "కథ మారుతుందా?" అని అడిగింది. మారుతుంది. పాము కరిచాక పూజారి నికియాకు విరుగుడు మందు సీసా ఇస్తాడు కదా, సొలోర్ తన వైపు చూడకుండా వెళ్ళిపోయినప్పుడు ఒకామె కోపంతో ఆ సీసా వదిలేసింది. ఇంకొకామె అలసటతో వదిలేసింది. మూడో ఆమె ఎప్పుడు వదిలిందో నాకు కనబడలేదు, ముందు సీటు టోపీ అడ్డం.

ఒక హెచ్చరిక కూడా. ఒక నగరంలో నేను ఒక నర్తకి కోసమే విమానం ఎక్కి వెళితే, తలుపు దగ్గర చిన్న కాగితం చేతిలో పెట్టారు: గాయం, మార్పు. ఆ రాత్రి ఏడుపు ముఖంతో కూర్చున్నాను. బదులుగా వచ్చిన అమ్మాయి ఇప్పుడు నాకు ఇష్టమైన ముగ్గురిలో ఒకతె. డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

---

గచ్చిబౌలి_గవాక్షం | ఆదివారం, ఉదయం 8:40

మీరందరూ అదృష్టవంతులు. నేను ఒక్కసారి కూడా పెద్ద బృందాన్ని ఎదురుగా చూడలేదు. నాదంతా తెరమీద చూపే.

అయినా ఏడాది పొడవునా నాకు పండుగలు ఉన్నాయి. ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లో లోజాన్ బాలే పోటీ, 1973 నుంచి జరుగుతోంది, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడవచ్చు. వాళ్ళ తరగతులు కూడా చూపిస్తారు, పోటీకంటే అవే నాకు ఇష్టం. తరువాత ప్రపంచ బాలే దినోత్సవం. 2014లో ఐదు పెద్ద బృందాలు కలిసి మొదలుపెట్టాయి. పొద్దున్నే ఊలు మేజోళ్ళు, చిరిగిన చొక్కాలు వేసుకుని కమ్మీ పట్టుకుని మోకాళ్ళు వంచుతుంటారు. ప్రపంచ ప్రసిద్ధురాలైనా అదే ప్లియే, పదేళ్ళ పిల్ల అయినా అదే ప్లియే. నాకు సరళీ స్వరాలు గుర్తొస్తాయి.

కాని ఛాయల అంకం తెరమీద పాడైపోతుంది. పదో అమ్మాయి దిగేసరికి కెమెరా ఎవరో ఒకరి ముఖం దగ్గరకు వెళుతుంది. ముఖంతో మనకేం పని? అక్కడ చూడవలసింది వరుస. ఒకే రాగం మళ్ళీమళ్ళీ వస్తుంటుంది, వరుస పెరుగుతుంటుంది, ఎంతమంది ఉన్నారో లెక్క తప్పుతుంది. మెట్ల_చివర గారు పై సీటు కొనమన్నది అందుకే అనుకుంటాను.

---

మెట్ల_చివర | ఆదివారం, ఉదయం 10:15

అందుకే. ఇంకొక కారణం కూడా ఉంది, పైన మాటలు ఆపేసి చూసేవాళ్ళు ఎక్కువ.

బాస్టీయ్ గారూ, మీరు చూసినది రుడాల్ఫ్ నురేయెవ్ కూర్చినది. దాని వెనుక సంగతి మీ ఊరిదే. 1961లో సోవియట్ దేశపు కిరోవ్ బాలే బృందం ప్యారిస్‌కు వచ్చి ఈ ఛాయల అంకం ఆడింది. సొలోర్‌గా ఆడిన ఇరవైమూడేళ్ళ కుర్రవాడు నురేయెవ్. జూన్ 16న లె బుర్జే విమానాశ్రయంలో తన బృందంతో తిరిగి వెళ్ళకుండా ఫ్రెంచి పోలీసుల రక్షణ కోరాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ తరువాత, 1992 అక్టోబరులో, జబ్బుతో నిలబడలేని స్థితిలో ఉండి మొత్తం 'లా బయదేర్'ను ప్యారిస్ ఒపేరాకు ఇచ్చాడు. అప్పుడు నికియా ఇజబెల్ గెరాఁ. మూడు నెలలకే, 1993 జనవరి 6న పోయాడు. ఆయన పెట్టిన ముగింపులో గుడి కూలదు, ఛాయలతోనే అయిపోతుంది. అట్ట రాళ్ళకు సమయం చాలలేదో, అక్కర్లేదనుకున్నాడో అని మేము ఇక్కడ ఇరవై ఏళ్ళుగా కొట్టుకుంటున్నాం. నా ఓటు రెండోదానికి.

ప్యారిస్ శివార్లలో సెంత్ జెనెవియేవ్ దే బ్వాలో ఆయన సమాధి ఉంది. దానిమీద తివాచీ కప్పినట్టు ఉంటుంది, ముట్టుకుంటే మొజాయిక్ రాళ్ళు. అత్తగారిని తీసుకువెళ్ళండి. ఇనుము లేదు.

---

పాతకాపు | ఆదివారం, రాత్రి 9:55

నిన్న రాసినదాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కాని హడ్సన్ గారి మూడు నికియాల సంగతి చదివాక మా నాన్నగారు గుర్తొచ్చారు.

ఆయనకు పద్యనాటకాల పిచ్చి. తెనాలి చుట్టుపక్కల ఎక్కడ రాయబారం ఆడినా సైకిల్ తీసేవారు. కథ తెలియనిదా? కృష్ణుడు వెళతాడు, సంధి కుదరదు, ఎవరికి తెలియదు! ఒకే రాత్రి ఇద్దరు కృష్ణులు ఉండేవారు, ఒకరు పడక సీనుకు, ఇంకొకరు రాయబారానికి. మా నాన్నగారు పడక సీను కృష్ణుడి కోసం వెళ్ళి, రెండో కృష్ణుడు రాగానే బయట టీ తాగేవారు. ఆయన స్నేహితుడు అప్పుడే లోపలికి వచ్చేవాడు. ఒకే పద్యం ఒకరు సాగదీసి పాడారని, ఇంకొకరు మాట మింగారని తెల్లవారేదాకా వాదన. మా అమ్మ కూడా అడిగేది, "కథ మారుతుందా?"

అందుచేత రెండోసారి వెళ్ళడం మీద నాకు అభ్యంతరం లేదు. ఫకీర్ల మీద ఉంది.

ఒక సందేహం. పద్యం నచ్చితే మేము 'వన్స్ మోర్' అని అరిచేవాళ్ళం, పాడేవాళ్ళు. ఇక్కడ అలా అనవచ్చా?

---

హడ్సన్_ఒడ్డు | సోమవారం, తెల్లవారుజాము 3:02

అనకండి, దయచేసి. మధ్యలో చప్పట్లకు మాత్రం కొదవ లేదు. ఒక నాట్యం అయ్యాక నర్తకి ముందుకు వచ్చి నమస్కరిస్తుంది, మళ్ళీ పాత్రలోకి వెళుతుంది. పాము కరవబోయే మనిషి నవ్వుతూ వంగి నమస్కారం పెట్టడం మొదట్లో నాకు వింతగా ఉండేది.

ఛాయలు దిగేటప్పుడు చప్పట్లు కొట్టడం మాత్రం నేరం. చివరి అమ్మాయి దిగి వరుసలన్నీ నిలబడ్డాక కొట్టాలి.

---

గచ్చిబౌలి_గవాక్షం | సోమవారం, ఉదయం 7:30

గోల్కొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే బాలాహిసార్ దాకా వినబడతాయి. దుగ్మంత మహారాజు కాలం నుంచీ మాకు చప్పట్ల మీద హక్కు ఉంది.

---

తాళపు_చిప్ప | సోమవారం, మధ్యాహ్నం 12:10

:) పాతకాపు గారూ, ఫకీర్ల మీద మీకున్న అభ్యంతరం ఇప్పుడు ఆ రంగంలోవాళ్ళకూ ఉంది. చెన్నైలో పుట్టి లండన్‌లో పనిచేసే శోభనా జయసింగ్ 2015లో ఈ బాలేనే తీసుకుని కొత్త నాట్యం చేశారు, 1838లో వెళ్ళిన ఆ దేవదాసీలను అందులోకి తెచ్చారు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో 2024లో పెతిపా అడుగులు అలాగే ఉంచి, కథను ఇండియా నుంచి తీసి పాత హాలీవుడ్‌లో పెట్టారు. దుగ్మంతుడి పీడ అలా వదిలించారు. పెద్ద బృందాలు చాలావరకు ముఖాలకు నల్లరంగు పూయడం మానేశాయి. అదీ సులభంగా జరగలేదు, 2019లో నల్లరంగు పూసుకున్న రష్యన్ నర్తకుల ఫోటో మీద అమెరికన్ నల్లజాతి నర్తకి మిస్టీ కోప్‌లాండ్ మాట్లాడినప్పుడు ఎంత గొడవ అయిందో గుర్తుందా?

నా మటుకు నాకు, ఫకీర్లను తీసేసినా బాధ లేదు. బిందె ఉంచితే చాలు. మా తరంగంలో పిల్లలు పళ్ళెం అంచుమీద నిలబడి తలమీద చెంబు పెట్టుకుంటారు, అందులో నీళ్ళు ఉంటాయి. వాళ్ళ కూజాలో ఉన్నాయో లేవో ఎవరైనా కనుక్కుని చెప్పండి.

---

నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 6:00

ఇద్దరు సభ్యులు ప్రదర్శన మధ్యలో ఫోనుతో తీసిన చిత్రాలు పెట్టారు, తొలగించాను. చివరి నమస్కారాల ఫోటోలు మాత్రమే పెట్టండి.

---

బాస్టీయ్_బాల్కనీ | తరువాతి బుధవారం, రాత్రి 12:25

ఇప్పుడే వచ్చాం. అత్తగారు పడుకున్నారు, నాకు నిద్ర పట్టడం లేదు.

ముందుగా పేరు దొరికింది. శనివారం సాయంత్రం ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని కద్రీయ్ శ్రేణి ఫోటోలన్నీ చూశాం. పెళ్ళిసంబంధాలకు కూడా ఇంత శ్రద్ధగా చూడలేదని మా ఆయన అన్నారు. నేను ఒకమ్మాయిని చూపించాను. అత్తగారు కళ్ళజోడు మార్చుకుని "కాదు, మెడ చూడు" అన్నారు. ఆవిడ చూపిన అమ్మాయే అని చివరి నమస్కారాల వీడియో చూశాక తేలింది. పేరు ఇక్కడ రాయను, ఆ పిల్లకు అనవసరమైన దిష్టి.

ఈరోజు పైనుంచి రెండో వరుస. నికియా కొత్త, సొలోర్ కొత్త. ఫకీర్లు పాతవాళ్ళే. అత్తగారు ఈసారి సంచి సర్దుకోలేదు. నికియా, గమ్జత్తి కత్తి తీసుకుని కొట్లాడుకున్న చోట ముందుకు వంగి చూశారు. "సత్యభామ అయితే మాటతోనే చంపేది" అని నా చెవిలో చెప్పారు.

మూడో అంకంలో బాట మీదకు మొదట వచ్చిన అమ్మాయి ఆ అమ్మాయి కాదు. నాకు గుండె జారిపోయింది. తారాగణం మారితే వెనుక వరుస కూడా మారుతుందని నేను అనుకోనే లేదు. అత్తగారి వైపు చూడటానికి కూడా భయమేసింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు. ఒకటి, రెండు, మూడు... ఆగి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఏడోది."

నేను దుర్భిణి తీసి చూశాను. నిజమే. అంత ఎత్తునుంచి, అంత మసక వెలుతురులో, ఒకేలాంటి బట్టల్లో ఉన్న ముప్ఫై రెండు మందిలో ఎలా గుర్తుపట్టారో నాకు తెలియదు. బయటికి వచ్చాక అడిగితే "లేచేటప్పుడు చివర్న మెడ ఎత్తుతుంది, మిగతావాళ్ళు ముందే ఎత్తేస్తారు" అన్నారు.

మెట్ల_చివర గారూ, సమాధికి ఆదివారం వెళుతున్నాం. తాళపు_చిప్ప గారూ, కూజాలో నీళ్ళు లేవని అత్తగారి తీర్పు, ఆ అమ్మాయి తల తిప్పిన తీరును బట్టి. హడ్సన్ గారూ, మా ముందు కూడా ఒక టోపీ ఉంది, తీయమని అడిగాను.

ఇప్పుడు కొత్త చిక్కు. ఈరోజు మొదట దిగిన అమ్మాయి ఎవరో రేపు పొద్దున్నే వెతకాలట. బీపీ మాత్రల చీటీ వెనుక మొదటి పేరు రాసి ఉంది, దాని కింద ఇంకొక గీత గీసి పెట్టి పడుకున్నారు.